డిసెంబరు పేజీ కోసం ఆర్పిన దీపం

నార్వే దేశపు పై కొసన, మా సముద్రపు పాయ ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళెవరూ చలికాలపు రాత్రుల్లో ఆకాశంలో తెరల్లా ఊగే ఉత్తరపు వెలుగు కోసం తల ఎత్తరు. ఎత్తితే మెడ పట్టేస్తుంది, కింద మంచు మీద కాలు జారుతుంది. దూరదేశాలవాళ్ళు బస్సుల్లో దిగి, ఒంటికి పరుపులు చుట్టుకున్నట్టు బట్టలు వేసుకుని, ఆకాశం వంక చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. బోర్గిల్డ్ డెబ్బై ఆరేళ్ళుగా దాన్ని మరుగుదొడ్డి కిటికీలోంచి చూస్తోంది. కొండ మీద ఆకుపచ్చగా ఊగితే ఆమెకి దాని అర్థం ఒకటే. రేపు చలి ముదురుతుంది, గొర్రెల కొట్టంలో నీళ్ళ గొట్టానికి గోనె చుట్టాలి.

అలాంటి మనిషి ఆ వెలుగుని ఫొటో తీస్తానని బయల్దేరి ఊరి నోళ్ళలో పడింది. ఎవరో బలవంతం చేశారా అంటే లేదు. ఆమె నోరే చేసింది. "దేవుడు నాకు కాళ్ళు రెండిచ్చాడు, నాలుక ఒక్కటే ఇచ్చాడు. అయినా ముందు నడిచేది నాలుకే" అని ఆమే చెప్పుకుంటుంది.

అంతా క్యాలెండరు దగ్గర మొదలైంది. మా మహిళా సంఘం ఏటా ఒక క్యాలెండరు అచ్చు వేయిస్తుంది. పన్నెండు నెలలకి పన్నెండు ఫొటోలు, అన్నీ సభ్యులు తీసినవే. పాయ చుట్టూ ఉన్న ముప్ఫై ఇళ్ళ వంటగదుల్లోనూ అదే వేలాడుతుంది. అందులో డిసెంబరు పేజీకి ఉన్న గౌరవం మిగతా వాటికి లేదు. క్రిస్మస్‌కి వచ్చిన చుట్టాలందరూ కాఫీ తాగుతూ చూసేది ఆ పేజీనే. ఆరేళ్ళుగా అది ఓడ్నీది. ఒక ఏడు మంచులో పొట్టేలు, ఒక ఏడు కిటికీలో కాగితపు నక్షత్రం, మళ్ళీ ఒక ఏడు అదే పొట్టేలు, ఈసారి మెడలో ఎర్ర రిబ్బనుతో.

ఓడ్నీ మరెవరో కాదు, బోర్గిల్డ్ ఆడపడుచు. బోర్గిల్డ్ భర్త, చనిపోయిన ఆర్విడ్‌కి సొంత చెల్లెలు. పాయకి ఆవలి ఒడ్డున సరిగ్గా ఎదురింట్లో ఉంటుంది. ఈ వాకిట్లో నిలబడితే ఆ వాకిలి కనిపిస్తుంది. దారిన వెళ్ళాలంటే మాత్రం పాయ మొదలంతా చుట్టి పదకొండు కిలోమీటర్లు.

వదినా ఆడపడుచులకి నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఆర్విడ్‌ని మట్టి చేసిన రోజు సంఘం హాల్లో అందరికీ కాఫీ పెట్టారు. బాదం కేకు బోర్గిల్డ్ చేసింది. ఓడ్నీ ఒక ముక్క నోట్లో వేసుకుని, పక్కావిడతో చెబుతున్నట్టుగా పదిమందికీ వినబడేలా, "మా అన్నయ్యకి కేకు ఇంత పొడిగా ఉంటే గొంతు దిగేది కాదు" అంది. బోర్గిల్డ్ చేతిలో కాఫీ కెటిల్ ఉంది. "మీ అన్నయ్యకి ఇక ఆ బాధ లేదులే" అంది. హాలంతా చెంచాలు ఆగిపోయాయి. ఓడ్నీ కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

కేకు పొడిగానే ఉంది. ఆ సంగతి బోర్గిల్డ్‌కి అప్పుడే తెలుసు. ఆ పొద్దున అందులో వెన్న వేసిందో లేదో కూడా ఆమెకి గుర్తులేదు. కానీ తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆనాటి నుంచి ఆమె వంటింట్లో నవంబరు తర్వాత జనవరి వస్తుంది. డిసెంబరు పేజీ మీద కొత్త ఏటి క్యాలెండరు ముందే తగిలించేస్తుంది, ఓడ్నీ పొట్టేలు మొహం చూడకూడదని. పోయిన ఏడు డిసెంబరు తొమ్మిదిన పళ్ళ డాక్టరు రమ్మంటే, ఆ తేదీ పొట్టేలు కింద ఉండిపోయి, వెళ్ళడం మర్చిపోయింది. ఇప్పటికీ ఎడమ దవడతో రొట్టె నమలలేదు. పంతం పట్టి పన్ను పోగొట్టుకున్న ఆడది పాయ మొత్తానికి తనొక్కతే అని ఆమెకి బాగా తెలుసు.

అక్టోబరులో ఒక రోజు స్టైనార్ దుకాణంలో సంఘం అధ్యక్షురాలు మాగ్నీ ఎదురైంది. వచ్చే ఏటి డిసెంబరు పేజీకి ఎవరింటి మీద ఉత్తరపు వెలుగుని వాళ్ళే ఫొటో తీసి తేవాలని చెప్పింది. గడువు నవంబరు చివరి శుక్రవారం, కాఫీ మీటింగు.

"ఓడ్నీ ఇప్పటికే మొదలుపెట్టింది" అంది మాగ్నీ.

"దాంట్లో ఏముంది? మీట నొక్కడమేగా" అంది బోర్గిల్డ్. "పొట్టేలంటే కదులుతుంది. ఆకాశం ఎక్కడికి పోతుంది?"

"అంత తేలికైతే నువ్వే తేరాదూ?"

"తెస్తా. తేకపోతే ఆ మీటింగుకి బాదం కేకు నేనే చేసి పెడతా. మొదటి ముక్క ఓడ్నీ కంచంలో నా చేత్తో వేస్తా, చాలా?"

నాలుక మడత పడేలోపే మాట బయటపడిపోయింది. పిండి సంచుల అవతల నుంచి ఒక గొంతు లేచింది. ఓడ్నీది. అయితే బోర్గిల్డ్‌తో కాదు, దుకాణదారుతో.

"స్టైనార్, నాకు ఇంకో అరకిలో వెన్న కట్టు నాయనా. కేకు మింగుడు పడాలంటే పైన రాసుకోవాలి."

దుకాణంలో ఉన్న నలుగురూ సబ్బు బిళ్ళల వంక చూస్తూ నవ్వుకున్నారు.

కెమెరా ఇంట్లోనే ఉంది. ఆర్విడ్ గొర్రెల పెంపకందార్ల లాటరీలో గెలుచుకుని, పొద్దున లేచినప్పుడు చూసుకునేందుకు అలమర మీద పెట్టి, ఒక్కసారీ పెట్టె విప్పకుండా పోయాడు. బోర్గిల్డ్ విప్పింది. పుస్తకంలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఆమె చదివింది ఏడో తరగతి, అదీ చేపలు పడని నెలల్లో. పుస్తకాన్ని పొయ్యి ముట్టించే కాగితాల్లో వేసింది.

మొదటి రోజు ఇరవై ఫొటోలు తీసింది. ఇరవైలోనూ నల్లటి చీకటి. ముందున్న మూత తియ్యలేదని మూడో రోజు తెలిసింది. ఆ తర్వాత చలికి భయపడి వంటింటి కిటికీలోంచి తీసింది. ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు వచ్చింది, దాని నడిమధ్య కాఫీ కెటిలూ, తన గడ్డమూ వచ్చాయి. గడ్డం కింద అంత కండ వేలాడుతోందని ఆమెకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. బయటికి వెళ్తే అద్దం మీద ఆవిరి పట్టింది. ఆవిరి తుడిస్తే బ్యాటరీ చచ్చింది. బ్యాటరీని జాకెట్టు లోపల పెట్టుకుని వెచ్చగా ఉంచితే పనిచేస్తుందని విని, అలాగే పెట్టుకుని, అదే జాకెట్టుతో గొర్రెలకి మేత వేసింది. పాపం ఆ బ్యాటరీ గడ్డివాములో దొరికింది. చేత్తో పట్టుకుని తీస్తే కొండంతా వణికి, పళ్ళెంలో ఒలికిన బంగాళాదుంప గంజిలా వచ్చింది.

"డెబ్బై ఆరేళ్ళు చూసినదాన్ని ఒక్కసారి పట్టుకోలేకపోతున్నాను. బస్సులో వచ్చిన పిల్లకాయలు ఫోనుతో పట్టుకుపోతున్నారు" అని గొర్రెలతో చెప్పుకుంది. అవి ఏమీ అనలేదు. ఆమెకి గొర్రెల్లో నచ్చేది అదే.

నవంబరు మూడో వారం దాటి సూర్యుడు కొండ కింద ఉండిపోయాడు. ఇక జనవరి దాకా రాడు. ఆ రోజు నుంచి మా పాయ చుట్టూ ప్రతి ఇంటి వాకిట్లోనూ ఒక దీపం వెలుగుతుంది. సూర్యుడు తిరిగి కనబడిందాకా పగలూ రాత్రీ ఆరదు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. ఒంటరిగా ఉండేవాళ్ళే సగం ఇళ్ళలో. దీపం ఉందంటే మనిషి ఉన్నట్టు. లేదంటే ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టాలి. రెండేళ్ళ కిందట ముసలి లార్స్ వాకిట్లో దీపం ఆరిపోతే, బోర్గిల్డే పార భుజాన వేసుకుని మంచులో నడిచి వెళ్ళింది. అక్కడ లార్స్ హాయిగా చేపల పులుసు తాగుతున్నాడు. బల్బు మాడిపోయిందట. "బల్బు కొనే తెలివి లేనివాడివి బతికెందుకున్నావు? చచ్చావనుకుని గుండె నోట్లోకొచ్చింది!" అని ఆయన పులుసు చల్లారేదాకా తిట్టింది.

లేవగానే ఆమె చేసే మొదటి పని కిటికీ తెర తీసి పాయ ఆవలికి చూడడం. ఓడ్నీ దీపం ఉందో లేదో చూడాలి. ప్రేమతో కాదు. శత్రువు కోట నిలబడే ఉందా అని మాత్రమే. అలాగని చెప్పుకునేది.

గురువారం వచ్చింది. మర్నాడే గడువు. పొద్దున స్టైనార్ దుకాణంలో బాదం పప్పు కొనడానికి వెళ్ళింది, ఓటమికి ముందే సరుకు సిద్ధం చేసుకోవడం మంచిదని. స్టైనార్ ఆమె కెమెరాలో ఫొటోలన్నీ చూసి, నవ్వకుండా ఉండడానికి పెదవి కొరుక్కున్నాడు.

"పెద్దమ్మా, అన్నిటికీ అడ్డు నీ వాకిలి దీపమే. చూడు, కొండంతా పసుపు పూసినట్టుంది. దాన్ని ఆర్పెయ్. కెమెరాని కదలని దేనికైనా కట్టు. ఇదిగో ఈ తీగ చివర మీట ఉంది, తీగ ఈ చివర కెమెరాకి తగిలించు. మీట నొక్కి పట్టుకో. పదిహేను అంకెలు లెక్కపెట్టి వదిలెయ్."

"అంకెలు లెక్కపెడితే నేను పదకొండు దగ్గర తప్పుతాను. పరలోక ప్రార్థన చదువుకోవచ్చా?"

"ఎక్కడిదాకా?"

బోర్గిల్డ్ మనసులో చదువుకుని చూసింది. "ఏ రోజు ఆహారం ఆ రోజు ఇమ్మని అడుగుతాం చూడు, ఆ ఆహారం దాకా చాలు."

"దాని తర్వాతేగా మేం ఇతరుల్ని క్షమించినట్టు మమ్మల్ని క్షమించమనే మాట" అన్నాడు స్టైనార్, బాదం పప్పు తూస్తూ.

"అంతదూరం వెళ్ళక్కర్లేదు" అంది బోర్గిల్డ్.

మధ్యాహ్నం రెండున్నరకే చీకటి పడింది. నాలుగింటికి ఆకాశం తేటగా ఉంది. బోర్గిల్డ్ కాలితో నెట్టుకునే మంచుబండిని గొర్రెల కొట్టం మూలకి లాక్కొచ్చింది. సరుకులు పెట్టుకునే పీట మీద బంగాళాదుంపల బస్తా వేసింది, బండి కదలకుండా. చేతిపిడికి కెమెరాని ఉన్నితో కట్టింది. అల్లుతూ ఉన్న స్వెట్టరు చెయ్యి విప్పి తీసిన ఉన్ని అది. ఎదురుగా ఇల్లు, ఇంటి వెనక కొండ, కొండ మీద ఇంకా ఏమీ లేని నల్లటి ఆకాశం.

ఆ తర్వాత వాకిట్లోకి నడిచి, వాకిలి దీపం ఆర్పేసింది. ఇంటి లోపలి దీపాలూ ఆర్పేసింది.

బల్బు మాడినందుకు ముసలి లార్స్‌ని తిట్టిన మనిషే, తన చేత్తో తనే ఆర్పింది. ఆమె తలలో ఆ ఘడియకి డిసెంబరు పేజీ తప్ప మరేమీ లేదు. తర్వాత ఎవరడిగినా ఇదే చెబుతుంది. "నా తలలో ఒక్కటే గది. అందులోకి ఒకరొస్తే ఇంకొకరు బయటికి పోవాలి."

ఇంట్లో ఫోను మోగింది. మోగి ఆగి, మళ్ళీ మోగింది. మాగ్నీ అయి ఉంటుంది, కేకు గుర్తు చెయ్యడానికి, అనుకుంది. మూడోసారీ మోగింది. "మోగవే మోగు. రేపు నీ నోట్లో ఫొటో కుక్కుతా" అని అక్కడే నిలబడింది. అప్పటికి కొండ అంచున సన్నటి ఆకుపచ్చ గీత లేచింది.

గీత పాకింది. విల్లులా వంగింది. పలచబడింది. మళ్ళీ నిండింది. బోర్గిల్డ్ మీట నొక్కి ప్రార్థన చదివింది, ఆహారం దగ్గర వదిలింది. మళ్ళీ నొక్కింది. అన్నీ బాగానే ఉన్నాయనిపించింది, కానీ ఇంకా ఏదో తక్కువ. ఆకాశం వస్తోంది గానీ ఇల్లు నల్లని ముద్దలా ఉంది. మనిషి ఉన్న ఇల్లులా లేదు.

ఇంతలో పాయ చుట్టూ ఉన్న దారి మీద ఒక ట్రాక్టరు దీపాలు కదలడం చూసింది. "మంచు పడని రోజున మంచు తోసేవాడెవడు? ఖాళీగా కూర్చోమని జీతమిచ్చినా వీడు తిరగడం మానడు" అని తిట్టుకుంది. ట్రాక్టరు పాయ మొదలు దాటింది. ఇటు తిరిగింది. "ఇటు రాకు, ఇటు రాకు" అంటూనే ఉంది. అది నేరుగా ఆమె గేటు దగ్గరికి వచ్చి ఆగింది. పెద్ద దీపాలు ఆరాయి, పక్కన చిన్న దీపం ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడే ఆకాశం పగిలింది. కొండ మీది విల్లు ముక్కలై కిందికి జారి, ఇంటి కప్పు మీదుగా ఆకుపచ్చ తెరలు ఊగాయి, తెరల అంచుల్లో గులాబి రంగు. డెబ్బై ఆరేళ్ళలో ఇలాంటిది నాలుగైదుసార్లు చూసి ఉంటుందంతే. బోర్గిల్డ్ మీట నొక్కింది. ప్రార్థన మొదలుపెట్టింది.

ఫొటోలోకి ఓడ్నీ నడిచొచ్చింది.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి, చెప్పుల్లాంటి బూట్లతో, తలకి గుడ్డ కూడా లేకుండా, తనే నడుపుకొచ్చిన ట్రాక్టరు దిగి గబగబా వచ్చింది. చంకలో మడిచిన తెల్లటి దుప్పటి. మూడు మెట్లెక్కి తలుపు ముందు ఆగింది. పిడి మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. అలాగే నిలబడిపోయింది. దుప్పటి మడత జారి కిందికి వేలాడింది. ఆమె నల్లటి కిటికీ వంక చూస్తూ ఉంది. తల మీద ఆకుపచ్చ తెరలు ఊగుతున్నాయి, ఆమె ఒక్కసారీ పైకి చూడలేదు.

బోర్గిల్డ్ కొట్టం మూల నుంచి అంతా చూస్తోంది. ఏం జరిగిందో అప్పుడర్థమైంది. వాకిలి దీపం. ఫోను. ట్రాక్టరు. దుప్పటి ఎందుకో కూడా అర్థమైంది. మా దగ్గర పోయినవాళ్ళ మీద ముందు కప్పేది తెల్ల దుప్పటి.

"ఓడ్నీ, ఇక్కడున్నానే" అని ఒక్క కేక వెయ్యాలి. నోరు తెరిచింది. తెరిచిన నోట్లో ప్రార్థన సగంలో ఉంది. ఇంకో ఏడెనిమిది మాటలున్నాయి ఆహారానికి. ఇప్పుడు కేక వేస్తే ఓడ్నీ కదులుతుంది. కదిలితే ఫొటో పోతుంది.

ఆమె కేక వెయ్యలేదు. ఆడపడుచు తనని చచ్చిందనుకుని తలుపు ముందు నిలబడి ఉంటే, ఆమె ప్రార్థన పూర్తి చేసుకుంది. తన జన్మలో చేసిన పాపాలన్నిటిలోనూ ఇది మాత్రం పైన పెద్దాయన ముందు ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదంటుంది. మిగతా వాటికి సాకులున్నాయి.

ఆహారం వచ్చింది. వేలు తియ్యాలి. మెట్ల మీద ఓడ్నీ భుజాలు ఒకసారి కదిలాయి, ఏడుపుకో చలికో. బోర్గిల్డ్ వేలు మీట మీదే ఉండిపోయింది, పెదవులు మాత్రం వాటంతటవే ముందుకి పోయాయి. ఆహారం దాటాయి. ఆ తర్వాతి మాటలు కూడా చదివేసి అప్పుడు ఆగాయి. అప్పుడు వేలు జారింది.

"ఓడ్నీ!"

ఓడ్నీ గిరుక్కున తిరిగింది. గొర్రెల కొట్టం చీకట్లోంచి చచ్చిపోయిన వదిన చేతులూపుకుంటూ నడిచొస్తోంది. ఓడ్నీ కెవ్వుమంది. దుప్పటి రెండు చేతుల్తో పట్టుకుని ముందుకి విసిరి ఊపింది, తోడేలుని అదిలించినట్టు.

"దుప్పటి ఊపకే పిచ్చిదానా! పైనుంచి చూస్తుంది, వచ్చి ఎత్తుకుపోతుంది!" అని అరిచింది బోర్గిల్డ్.

చిన్నప్పుడు ప్రతి అమ్మమ్మా చెప్పేదే. ఉత్తరపు వెలుగుకి తెల్లగుడ్డ ఊపకూడదు, ఊపితే దిగొచ్చి ఎత్తుకుపోతుంది. ఇద్దరూ దాన్ని నమ్మరు. ఇద్దరూ ఒకేసారి పైకి చూశారు. ఒక తెర సరిగ్గా వాళ్ళ నెత్తి మీదికి జారుతోంది. డెబ్బై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకర్నొకరు తోసుకుంటూ ఇంట్లోకి దూరి గడియ పెట్టుకున్నారు.

లోపల చీకట్లో ఇద్దరూ తలుపుకి వీపు ఆనించి రొప్పారు.

"దీపం పోయింది" అంది ఓడ్నీ చివరికి. నాలుగేళ్ళలో ఆమె బోర్గిల్డ్‌తో అన్న మొదటి మాట అది. "నాలుగుంపావుకి పోయింది. ఫోను చేశాను. మూడుసార్లు."

"నేనే ఆర్పాను."

"నువ్వే ఆర్పావా? ఎందుకు?"

"ఫొటోకి."

ఓడ్నీ కుర్చీ వెతుక్కుని కూలబడింది. "ఫొటోకి! పాయ ఆ చివర్నించి ఈ చివరికి వస్తూ, ఎక్కడ పడిపోయి ఉంటావో అనుకుంటూ వచ్చాను. స్నానాల గదిలోనా, కొట్టంలోనా అని. మెట్ల కింద అయితే ఒక్కదాన్నే ఎత్తలేనని ఏడ్చాను. నువ్వేమో ఫొటో తీసుకుంటున్నావా వదినా?"

వదినా అనే మాట ఇద్దరికీ వినపడింది. ఇద్దరూ విననట్టు ఊరుకున్నారు. బోర్గిల్డ్ దీపం వేసి, కాఫీకి నీళ్ళు పెట్టింది. బల్ల మీద దుప్పటి చూసి ఉండబట్టలేక అడిగేసింది.

"అది మాత్రం నీ ఇంటి నుంచి ఎందుకు మోసుకొచ్చావు? నా బీరువాలో దుప్పట్లు లేవా?"

"ఉంటాయి. ఇస్త్రీ చేసినవి ఉంటాయని నమ్మకం లేక తెచ్చాను."

"ఒసే! నేను చచ్చిన రోజు కూడా నా బీరువా మీద పడతావా?"

"ఊరంతా చూడ్డానికి వస్తుంది కదా. ఆ ఇంటి పరువు నా పుట్టింటి పరువు కూడా" అంది ఓడ్నీ, ముక్కు తుడుచుకుంటూ.

బోర్గిల్డ్ రెండు కప్పుల్లో కాఫీ పోసింది. మేకపాల జున్ను కోసి పెట్టింది. వెనక్కి తిరిగి, పొయ్యితో మాట్లాడుతున్నట్టుగా, "ఆ రోజు కేకు పొడిగానే ఉంది" అంది. "వెన్న మర్చిపోయాను."

"నాకు తెలుసు" అంది ఓడ్నీ. "రాయిలా ఉంది. అయినా రెండో ముక్క కూడా తిన్నాను. నువ్వు చూళ్ళేదు."

కాసేపయ్యాక ఓడ్నీ, "వాకిలి దీపం వెయ్యి. లేకపోతే ఇంకో ముగ్గురొస్తారు, వాళ్ళూ దుప్పట్లతో" అంది. బోర్గిల్డ్ వెళ్ళి వేసింది.

మర్నాడు దుకాణంలో స్టైనార్ ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాడు. చివరిదాని దగ్గర ఆగిపోయాడు. ఇల్లు, కొండ, ఇంటి మీదికి జారుతున్న ఆకుపచ్చ తెరలు, మూసిన తలుపు ముందు కదలకుండా నిలబడ్డ ఒక వీపు, చేతిలో వేలాడుతున్న తెల్లటి దుప్పటి. గేటు దగ్గరి చిన్న దీపం దాని మీద పడి పాలలా మెరుస్తోంది.

"పెద్దమ్మా, ఇది పదిహేను కాదు. ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచావు. అందుకే ఇంత బాగా వచ్చింది. ఎక్కడిదాకా చదివావు?"

"నీకెందుకు? ఫొటో వచ్చిందిగా" అంది బోర్గిల్డ్.

కాఫీ మీటింగుకి ఆమె ఫొటో తెచ్చింది, దాంతోపాటు బాదం కేకు కూడా తెచ్చింది. పందెం నెగ్గినదానివి కేకెందుకు అని మాగ్నీ అడిగింది. "బాదం పప్పు కొనేశాను, పారేస్తానా?" అంది బోర్గిల్డ్. మొదటి ముక్క ఓడ్నీ కంచంలో తన చేత్తో వేసింది. హాలంతా చెంచాలు ఆపింది. ఓడ్నీ నమిలింది. ఇంకా నమిలింది. "ఈసారి వెన్న ఉంది" అని చెప్పి, రెండో ముక్కకి కంచం చాపింది.

తర్వాత చేతులెత్తి ఓట్లు వేశారు. పదహారు మందిలో తొమ్మిది చేతులు బోర్గిల్డ్ ఫొటోకి లేచాయి. తొమ్మిదో చెయ్యి ఓడ్నీది. దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు గానీ బోర్గిల్డ్ పెట్టుకోలేదు. ఓడ్నీ సంగతి ఆమెకి తెలుసు. తన వీపు ఉన్న ఫొటోకి తను ఓటేసుకుంది, అంతే.

ఈ ఏడు డిసెంబరులో బోర్గిల్డ్ పేజీని మామూలుగానే తిప్పింది. పళ్ళ డాక్టరు తేదీ కూడా అక్కడే రాసుకుంది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ కాఫీ తాగుతూ అదే అంటున్నారు. "ఏడో ఏడు కూడా డిసెంబరు ఓడ్నీదేనన్నమాట!" ఓడ్నీని ఆ పేజీలోంచి గెంటడానికి బోర్గిల్డ్ ఇన్ని తిప్పలు పడి, తనే చేజేతులా మెట్లెక్కించి నిలబెట్టింది. పొట్టేలు పోయి మనిషే వచ్చింది.

అయినా బోర్గిల్డ్ ఊరుకునే మనిషి కాదు. చుట్టం కప్పు కింద పెట్టగానే క్యాలెండరు దగ్గరికి లాక్కెళ్ళి, దుప్పటి కింది మూల మీద వేలు పెడుతుంది.

"ఇక్కడ చూడు. ఇది చూశావా? మాసిక. చదరంగా, కనబడేలా. నా శవానికి కప్పడానికి మాసికేసిన దుప్పటి తెచ్చింది, మహాతల్లి!"

పాయ ఆవల ఓడ్నీ తన ఇంటికొచ్చినవాళ్ళకి చెబుతుందట, అది మాసిక కాదు, ఫొటో తీసినామె చెయ్యి వణికిందని.